రిపోర్టులో ‘వయసు ప్రభావం’ అని రాస్తే నిశ్చింతగా ఉండొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. చాలా ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఏడాదిగా అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, బ్యాంకు లెక్కల్లో తడబడుతున్నారు. ఎంఆర్‌ఐ రిపోర్టులో ‘వయసు వల్ల మెదడు కొంత కుంచించుకుంది’ అని రాశారు. అంటే అల్జీమర్స్ లేనట్టేనా? పెట్ స్కాన్ చేయించాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ ఒక్క వాక్యం చూసి లేదని చెప్పలేం. అది మెదడు మొత్తం గురించి రాసిన మాట. అల్జీమర్స్‌లో సాధారణంగా ముందు దెబ్బతినేది కణతల లోపలి వైపు ఉండే హిప్పోకాంపస్, దాని చుట్టుపక్కల భాగం. కొత్త సంగతులు గుర్తుండాలంటే అదే ముఖ్యం. అడ్డంగా, 5 మిల్లీమీటర్ల మందాన తీసే మామూలు స్లైసుల్లో అది సరిగా కనిపించదు. హిప్పోకాంపస్‌కు లంబంగా, పలచగా తీసిన కరోనల్ (ముఖానికి సమాంతరంగా, నిలువుగా తీసే) స్లైసులు కావాలి. మీ సీడీలో అవి ఉన్నాయేమో, ఉంటే హిప్పోకాంపస్ భాగం ఎంత కుంచించుకుందో చెప్పే ‘ఎంటీఏ స్కోరు’ ఎంతో రేడియాలజిస్టును అడగండి. అది 0 నుంచి 4 వరకు ఉంటుంది. 75 ఏళ్లలోపు వారికి 2 వచ్చినా అనుమానించాల్సిందే. 0 వచ్చిందని జబ్బు లేదనుకోకూడదు, తొలిదశలో ఎంఆర్‌ఐ మామూలుగానే ఉండొచ్చు. తల కదిపితే చిత్రం చెదిరి స్కోరే తప్పవుతుంది.

నిజానికి ఎంఆర్‌ఐ వల్ల పెద్ద మేలు వేరే ఉంది. ఎప్పుడో జారిపడినప్పుడు పుర్రె కింద చేరిన రక్తం, మెదడులో నీరు పెరగడం, కణితి, బయటికి తెలియని చిన్న స్ట్రోకులు అందులో బయటపడతాయి. వీటిలో కొన్నింటికి చికిత్స ఉంది.

పెట్‌కు తొందరపడకండి. ముందు బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, దానివల్లా మతిమరుపు వస్తుంది. దిగులు జబ్బు ఉందేమో కూడా చూడాలి. జ్ఞాపకశక్తి పరీక్షను ఆయన మాట్లాడే తెలుగులోనే పెట్టించండి. రాని భాషలో పెడితే మార్కులు ఊరికే తగ్గుతాయి.

ఆ తర్వాత కూడా సందేహం తీరకపోతే న్యూరాలజిస్టు ఎఫ్‌డీజీ పెట్ రాయవచ్చు. మెదడులో ఏ భాగం గ్లూకోజు తక్కువగా వాడుతోందో అది చూపిస్తుంది. కనీసం 4 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. రక్తంలో షుగరు 200 దాటితే చిత్రం నమ్మదగ్గదిగా రాదు. అలాగని స్కాన్ కోసం ఇచ్చే మందు ఇంజెక్షన్‌కు ముందు షుగరును ఇన్సులిన్‌తో హడావుడిగా దించితే, ఆ మందు మెదడుకు బదులు కండరాల్లోకి పోతుంది. అందుకే షుగరు మందుల వేళలు ముందురోజే డాక్టరుతో మాట్లాడుకోండి. మందు ఎక్కించాక మసక వెలుతురు గదిలో, ఫోను లేకుండా, మాట్లాడకుండా అరగంట కూర్చోవాలి.

అమిలాయిడ్ పెట్ వేరు. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను అది చూపిస్తుంది. మతిమరుపు ఏమాత్రం లేని పెద్దల్లో కూడా అది పాజిటివ్ రావొచ్చు, కాబట్టి మీ అంతట మీరు చేయించకండి.

ఇప్పటి సీడీ దాచి ఉంచండి. మళ్లీ ఎంఆర్‌ఐ అవసరమైతే అదే సెంటరులో, అదే పద్ధతిలో తీయించండి. అప్పుడే రెండింటినీ పోల్చగలుగుతారు.