కెడావర్ వర్క్‌షాప్‌కు వెళ్లేముందు

అమ్మా,

వచ్చే నెల ఎండోస్కోపిక్ స్కల్ బేస్ వర్క్‌షాప్‌లో, అంటే ముక్కులోంచి స్కోపుతో పుర్రె అడుగుభాగానికి చేరే ఆపరేషన్‌ను కెడావర్ (దానమిచ్చిన మృతదేహం) మీద నేర్పే చోట, హ్యాండ్స్-ఆన్ సీటు దొరికిందని రాశావు. చాలా సంతోషం. అక్కడ టేబుల్ దగ్గర నిలబడ్డ ప్రతివాళ్లకూ ఒకటే ఆత్రం, ఎప్పుడెప్పుడు డ్యూరా (మెదడు మీది పొర) తెరుద్దామా, దాని వెనకున్న బేసిలార్ ఆర్టరీని చూద్దామా అని. నువ్వు ఆ తొందరలో పడకు. దారి పొడుగునా ఎక్కడ ఆపి అడిగినా ఎక్కడున్నావో పైకి చెప్పగలిగితే చాలు, డ్యూరా దాకా వెళ్లకపోయినా ఆ కోర్సు నీకు పనికొచ్చినట్టే.

2021లో బ్లాక్ ఫంగస్ రోజుల్లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో పనిచేసిన బ్యాచ్ మీది. ముక్కులో స్కోపు తిప్పడం మీకెవరూ నేర్పక్కర్లేదు. కానీ ఆ అలవాటే ఇక్కడ వేగం పెంచుతుంది, జాగ్రత్త.

స్పెసిమెన్ సీటీ ఇస్తే ముందు అది చూడు. స్ఫినాయిడ్ (ముక్కు వెనక చివరి సైనస్) లోపలి సెప్టం (అడ్డుగోడ) వెనక ఎక్కడ అతుక్కుందో వెతుకు. చాలామందిలో అది మధ్యలో ఉండదు, పక్కకు పోయి కెరోటిడ్ (మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని) మీది ఎముకకే అతుక్కుంటుంది. దాన్ని ఫోర్సెప్స్‌తో పట్టి మెలితిప్పితే కెరోటిడ్ చిరిగే ప్రమాదముంది. డ్రిల్‌తో అరగదీయి, లేదా కోసే ఫోర్సెప్స్‌తో కొంచెం కొంచెంగా తీయి. ఒనోడి సెల్ (స్ఫినాయిడ్ పైకి చొచ్చుకొచ్చిన పక్క సైనస్ గది) ఉందేమో కూడా చూసుకో, ఉంటే ఆప్టిక్ నర్వ్ (చూపు నరం) దాని గోడలోనే ఉండొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ సమయం నేసోసెప్టల్ ఫ్లాప్ మీద పెట్టు, అంటే ముక్కు మధ్యగోడ (ఇదీ సెప్టమే) మీంచి రక్తనాళంతో సహా లేపే పొర. 2006లో అర్జెంటీనాకు చెందిన హదద్, బస్సగస్తెగీల పేరుతో ఇది వచ్చాకే పుర్రె అడుగున చేసిన పెద్ద రంధ్రాలను మూయడం మీద సర్జన్లకు ధైర్యం వచ్చింది. అంతకు ముందు పెద్ద కేసుల్లో సీఎస్ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే ద్రవం) లీకే తలనొప్పి. దీనికి రక్తం అందించేది స్ఫీనోపాలటైన్ ఆర్టరీ నుంచి వచ్చే పోస్టీరియర్ సెప్టల్ శాఖ. అది కొయానాకూ (ముక్కు వెనక ద్వారం) స్ఫినాయిడ్ ఆస్టియంకూ (ఆ సైనస్ నోరు) మధ్యనున్న ఎముక ముందు నుంచి సెప్టం మీదికి వస్తుంది. కాబట్టి కింది కోత కొయానా అంచు వెంట, పై కోత ఆస్టియం ఎత్తులో మొదలుపెట్టి ముందుకు తీసుకురా. ముందుకు వచ్చాక పై కోతను సెప్టం పైఅంచు నుంచి ఒకటి రెండు సెంటీమీటర్లు కిందనే ఉంచు, వాసన పీల్చే పొర అక్కడుంది. లేపిన ఫ్లాప్‌ను నేసోఫేరింక్స్‌లో (ముక్కు వెనకున్న గొంతు పైభాగం) దాచి, ఆ తర్వాతే వెనక సెప్టం తీయి. సెప్టాన్ని ముందే తీసేస్తే ఆ పక్క ఫ్లాప్ పోయినట్టే. రెండో పక్క కూడా చెయ్యి. చివర్లో ఫ్లాప్‌ను రంధ్రం మీద పరిచి, అంచులన్నీ ఎముకకు ఆనేలా, ముడతల్లేకుండా ఉన్నాయా అని చూడు. అప్పటికి అందరూ టీకి వెళ్లిపోతారు. నువ్వు వెళ్లకు.

సెల్లా (పిట్యూటరీ గ్రంథి ఉండే ఎముక గుంట) దగ్గర డైమండ్ బర్‌తో (అరగదీసే డ్రిల్ మొన) ఎముకను అప్పడమంత పల్చబరిచి, ఆ తర్వాత డిసెక్టర్‌తో లేపు. నీళ్లు పోస్తూ, బర్‌ను ఒకచోట నిలపకుండా కదిలిస్తూ ఉండాలి. లేటరల్ ఆప్టికో-కెరోటిడ్ రిసెస్‌ను (ఆప్టిక్ నర్వ్‌కూ కెరోటిడ్‌కూ మధ్యనున్న పల్లం) నీ అంతట నువ్వే గుర్తుపట్టి ఫ్యాకల్టీకి చూపించు.

నీతోపాటు టేబుల్ మీద న్యూరోసర్జన్ ఉండేలా అడుగు. ఇది నాలుగు చేతుల పని. స్కోపు కుడి నాసికా రంధ్రంలో పైన 12 గంటల దిక్కున ఉంటే సక్షన్ దాని కిందనుంచి వెళ్లాలి, రెండో పరికరం ఎడమ నుంచి. ఇద్దరూ ఒకరి చేతులకు ఒకరు అడ్డుపడకుండా పనిచేయడం పుస్తకంలో రాదు. రెండు గంటలు నువ్వు కేవలం స్కోపు పట్టుకున్నా వృథా అనుకోకు.

కెడావర్‌లో రక్తం కారదు, కెరోటిడ్ కొట్టుకోదు. లేటెక్స్ నింపి ఎర్రగా చూపిస్తారు, అంతే. నిజంగా కెరోటిడ్ చిట్లితే స్క్రీన్ క్షణంలో ఎర్రబడిపోతుంది, దానికి వేరే శిక్షణ కావాలి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఈఎన్‌టీ సర్జన్ వార్మాల్డ్ బృందం గొర్రెల మీద ఇదే నేర్పింది. నలిపిన కండరం ముక్కను గాయం మీద అదిమిపెట్టడం ఆ పనిలో బాగా నిలిచిన పద్ధతి. అలాంటి కోర్సు దొరికితే దాన్ని వదలకు.

ఇంకొకటి. ఆ దేహం ఎవరో మన చదువు కోసం ఇచ్చి వెళ్లింది. పని లేనప్పుడు ముఖం మీద గుడ్డ కప్పు. సెల్ఫీలు తీసేవాళ్లుంటారు, పక్కకు పిలిచి వద్దని చెప్పు.

వచ్చీరాగానే క్లైవల్ ట్యూమర్‌కు (పుర్రె అడుగున, మెదడు కాండం ముందున్న ఎముకలోని గడ్డ) చెయ్యి పెడతానంటే నేను ఒప్పుకోను. పిట్స్‌బర్గ్‌లో స్నైడర్‌మన్, కస్సమ్ వాళ్లు ఈ శిక్షణను ఐదు మెట్లుగా పెట్టారు. మొదటిది సైనస్ సర్జరీ, రెండోది సీఎస్ఎఫ్ లీకులు, పిట్యూటరీ, మూడోది డ్యూరా బయటి పని, చాలా తర్వాత నాలుగోది డ్యూరా లోపలిది, చివరిది రక్తనాళాల పని. నువ్వు రెండో మెట్టు మీద ఇంకా కొన్నాళ్లు ఉండాలి. తిరిగొచ్చాక నా లిస్టులో పిట్యూటరీ కేసు పడ్డ రోజు ఫోన్ చేస్తాను. ముక్కు భాగం నువ్వు చేద్దువుగాని, సెల్లా దగ్గరికి వచ్చాక స్కోపు పట్టుకో.

ఆశీస్సులతో,
మీ సార్