వీధిలో పద్యనాటకానికి సెక్షన్ 30 అడ్డు వస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు. మా వీధి యువకులం కలిసి ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి జయంతి సాయంత్రం, వీధి చివరి కూడలిలో పద్యపఠనం, తర్వాత ఒక పద్యనాటకం పెట్టాలనుకున్నాం. టిక్కెట్లు లేవు. మూడు వందల మంది రావచ్చు. పోలీసు స్టేషనుకు వెళితే ముందు నగరపాలక సంస్థ అనుమతి తెమ్మన్నారు. అక్కడికి వెళితే పోలీసుల అనుమతి తెస్తేనే చూస్తామన్నారు. పైగా జిల్లాలో సెక్షన్ 30 అమల్లో ఉంది, రోడ్డు మీద సభలు కుదరవని చెప్పారు. ఇంకా మూడు వారాలే ఉంది. మానుకోవలసిందేనా?

జవాబు: మానుకోవద్దు. మూడు వారాల వ్యవధి చాలు. అయితే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అర్జీ ఇచ్చాం, రశీదు తీసుకున్నాం అన్న మాట అందులో ఎక్కడా లేదు. మీరు నోటితో అడిగారు, వాళ్లు నోటితో చెప్పారు. రేపు ఏ కోర్టు ముందు నిలబడినా, మీరు అనుమతి కోరినట్టు గానీ వాళ్లు నిరాకరించినట్టు గానీ చూపడానికి ఒక్క కాగితమూ లేదు. నా దగ్గరికి ఇలాంటి పని మీద వచ్చేవారిలో ఎక్కువమంది ఈ దశలోనే నీరుగారిపోయి వస్తారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు సెక్షన్ 30 సంగతి చూద్దాం. ఇది 1861 నాటి పోలీసు చట్టంలోనిది. ఎన్నికలప్పుడు, ఆందోళనలప్పుడు డీఎస్పీల ప్రకటనల్లో దీని పేరు తరచుగా వినిపిస్తుంది. వినీ వినీ అదేదో సభల మీద నిషేధమని జనం నమ్మేశారు. సెక్షన్‌లో ఉన్నది వేరు. రోడ్ల మీద సభలు, ఊరేగింపులు ఎలా జరగాలో పోలీసు అధికారి నిర్దేశించవచ్చు. అదుపు లేకుంటే శాంతిభంగం కలుగుతుందని మేజిస్ట్రేటు భావించిన సభ అయితే, నిర్వాహకులు లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలని నోటీసు ఇవ్వవచ్చు. దరఖాస్తు వస్తే షరతులు పెట్టి లైసెన్సు ఇవ్వవచ్చు. ఆ దరఖాస్తుకు గానీ లైసెన్సుకు గానీ రుసుము వసూలు చేయకూడదని కూడా అందులోనే ఉంది. అంటే సెక్షన్ 30 అమల్లో ఉందని ఎవరైనా అంటే, మీరు చెప్పవలసింది ఒక్కటే: 'అందుకే దరఖాస్తు తెచ్చాం, పుచ్చుకోండి.'

ఈ వాదన నా సొంతం కాదు. రోడ్ల మీద సభలను ప్రభుత్వం నియంత్రించవచ్చు గానీ మొత్తంగా నిషేధించడానికి వీల్లేదని అహ్మదాబాదుకు చెందిన హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1972లోనే చెప్పింది. మన దగ్గరి ఉదాహరణ మీకు గుర్తుండే ఉంటుంది. 2022 డిసెంబరు 28న, అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉన్న కందుకూరులో ఒక రాజకీయ సభలో జరిగిన తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయారు. నాలుగు రోజులకే గుంటూరులో మరో ముగ్గురు పోయారు. ఆ మర్నాడు, 2023 జనవరి 2న, రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ ప్రభుత్వం జీవో 1 తెచ్చింది. దాన్ని మన హైకోర్టు అదే ఏడాది మే 12న కొట్టివేసింది.

హక్కు ఉంది కదా అని ఆ కూడలే కావాలని పట్టుబట్టవద్దు. రాజ్యాంగంలోని 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు ఇచ్చింది. ఫలానా రోడ్డులో, ఫలానా గంటలో అన్న హామీ ఇవ్వలేదు. అంబులెన్సు పోయే దారి మీరు మూసేస్తుంటే పోలీసులు కాదనడం న్యాయమే. అందుకే అర్జీలోనే రెండో స్థలం కూడా రాయండి: దగ్గరలోని మునిసిపల్ పాఠశాల ఆవరణ గానీ, ఖాళీగా దొరికితే వీఆర్ కళాశాల మైదానం గానీ. రెండు చోట్లు చూపిన వారికి 'కుదరదు' అని ఒక్క మాటతో సరిపెట్టడం కష్టం.

ఇక ఆ రెండు ఆఫీసుల తిరుగుడు. రోడ్డు, మునిసిపల్ పాఠశాల ఆవరణ నగరపాలక సంస్థవి. రాకపోకలు, బందోబస్తు పోలీసులవి. కాబట్టి ఇద్దరి అనుమతీ కావాలి. కానీ ఒకరు మీ అర్జీ పుచ్చుకోవడానికి రెండో వారి అనుమతి ముందుగా చేతిలో ఉండనక్కర లేదు. ఒకే రోజు రెండు అర్జీలు రాయండి. నగరపాలక సంస్థ కమిషనర్‌కు రాసిన దాని నకలు డీఎస్పీ అర్జీకి, డీఎస్పీకి రాసిన దాని నకలు కమిషనర్ అర్జీకి జతచేయండి. ఆయా ఆఫీసుల్లో ఉత్తరాలు పుచ్చుకునే తపాల్ విభాగంలో ఇచ్చి, మీ నకలు మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. వాళ్లు పుచ్చుకోం అంటే అక్కడ వాదన పెట్టుకోకుండా అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దాచుకోండి. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఒక నకలు ఇవ్వవచ్చు.

అర్జీలో ఏం రాయాలో అదే చాలామంది వదిలేస్తారు. మొదలుపెట్టే గంట, ముగించే గంట, వేదిక కొలతలు, జనం అంచనా, వాహనాలు నిలిపే చోటు, ఏ పక్క దారి తెరిచి ఉంచుతారో చూపే చేతిగీత పటం, బాధ్యులైన ముగ్గురి పేర్లు, ఫోను నంబర్లు. రోడ్డుకు గుంతలు తవ్వబోమని, మర్నాడు పొద్దున్నకల్లా చెత్త తీసేస్తామని కూడా రాయండి. కరెంటు తీగకు కొక్కెం వేయవద్దు, విద్యుత్ సంస్థ నుంచి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. పెద్ద పందిరి వేస్తే అగ్నిమాపక శాఖకూ అర్జీ పెట్టండి.

మీ కార్యక్రమానికి అసలు చిక్కు మైకు దగ్గర వస్తుంది. పద్యనాటకం అంటే తెల్లవార్లూ సాగడం మనకు అలవాటు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాతపూర్వక అనుమతి లేనిదే లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట అసలే పెట్టకూడదు. సాంస్కృతిక, మతపరమైన సందర్భాల్లో అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. స్టేషనులో ఎవరైనా 'పర్వాలేదు, కానివ్వండి' అన్నా ఆ మాట చెల్లదు. సాయంత్రం 5కే మొదలుపెట్టి పదింటికి ముందే మంగళం పాడేలా నాటకాన్ని కుదించుకోండి. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. మీ ప్రాంగణం అంచు దగ్గర శబ్దం ఆ పరిమితి కన్నా 10 డెసిబెల్స్‌కు మించి పెరగకూడదు. పొగతోట లాంటి ఆసుపత్రులున్న పేటలో అయితే నేనే వద్దంటాను. అక్కడ పడుకున్న రోగికి మన పద్యం ఎంత మధురమైనా బాధే.

అనుమతి వచ్చాక కూడా జనం భద్రత మీ బాధ్యతే. కందుకూరును మరచిపోవద్దు. రాకకు ఒక దారి, పోకకు ఒక దారి ఉంచండి. పిల్లలను వేదిక ముందు కిక్కిరియనివ్వవద్దు. షరతులు మీరితే భారతీయ న్యాయ సంహిత 223 సెక్షన్ కింద కేసు పెట్టే వీలుంది. ప్రాణాలకు ముప్పు తెచ్చినట్టయితే ఏడాది దాకా జైలు.

అనుమతి నిరాకరిస్తే కారణాలతో రాసి ఇమ్మని అడగండి. జనం గుమికూడకుండా భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 163, అంటే పాత 144, విధించామని చెబితే ఆ ఉత్తర్వు నకలు అడగండి. అలాంటి ఉత్తర్వులో ఆధారమైన వాస్తవాలు ఉండాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అర్జీ ఇచ్చిన వారం రోజుల్లో జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మరో ఉత్తరం పెట్టండి. మరో నాలుగు రోజులు చూసి, అప్పటికీ పలకకపోతే అమరావతిలోని హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. సమయం మరీ తక్కువైతే లంచ్ మోషన్, అంటే అదే రోజు అత్యవసరంగా విచారించమని, అడిగే వీలుంది. ఆగస్టు 28న పరుగెత్తుకు వస్తే మాత్రం ఇన్నాళ్లూ ఏం చేశారని న్యాయమూర్తి మిమ్మల్నే అడుగుతారు. కాబట్టి ఆ రెండు అర్జీలు ఈ సోమవారమే ఇవ్వండి.