తాకట్టులో ఉన్న ఇంటిస్థలాన్ని అన్నదమ్ములు విడగొట్టుకోవచ్చా?

నాన్నగారు పోయాక ఇల్లున్న సగం మీకు, ఖాళీ సగం మీ తమ్ముడికి అనుకున్నారు. ఇంటి మీద లోన్ ఇంకా నడుస్తోంది. తమ్ముడు తన సగంలో కట్టుకోవడానికి వేరే లోన్ తీసుకోవచ్చా అని అడిగారు. పాత బ్యాంకు ఒప్పుకోకుండా అయ్యే పని కాదండి. ఇదే పని మీద నేనూ మా అన్నయ్యా దాదాపు ఏడాది తిరిగాం.

మాది 300 గజాల స్థలం, రోడ్డు వైపు 50 అడుగులు, లోపలికి 54. లోన్ ఇంటికే కదా, ఖాళీ జాగాకి ఏం సంబంధం అనుకున్నాం. కానీ నాన్న బ్యాంకులో పెట్టింది 300 గజాల దస్తావేజు. అందులోని నాలుగు హద్దుల మధ్య ప్రతి గజమూ తాకట్టే. బాకీలో సగం కట్టేస్తాను, నా సగం వదిలేయండి అని పట్టుబట్టే హక్కు కూడా మనకు లేదు. 1882 ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 60లో ఆ సంగతి ఉంది. బ్యాంకు తనంతట తాను ఒప్పుకుంటే వేరు.

డాక్యుమెంట్ రైటర్ మాత్రం "ముందు పంపకాల రిజిస్ట్రేషన్ కానిచ్చేద్దాం, లోన్ సంగతి తర్వాత" అన్నాడు. వినకపోవడమే మంచిదైంది. పంపకాలు రాసుకున్నా తాకట్టు రెండు ముక్కలనూ వదలదు. ఈసీలో, అంటే ఆస్తి మీద ఉన్న తాకట్టులు చూపించే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రంలో, పాత లోన్ కనబడగానే కొత్త బ్యాంకు లాయరు ఫైలు తిప్పి పంపేస్తాడు.

మీరు ముందు పాక్షిక విడుదలకు, అంటే కొంత భాగాన్ని తాకట్టు నుంచి వదలమని, పాత బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. మిగిలే ఇంటి భాగం బాకీకి సరిపడా విలువ చేస్తుందని వాళ్ల ఇంజనీరు తేలిస్తే ఖాళీ భాగాన్ని వదలొచ్చు. మా బ్రాంచిలో మూడు నెలలు తిప్పి, చివరికి కుదరదన్నారు. ఇక మిగిలిన 6,40,000 అమ్మ ఎఫ్‌డీ, వదిన గాజుల మీద తెచ్చిన డబ్బు కలిపి కట్టేశాం. వ్యక్తులు ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీకి తీసుకున్న ఇంటి లోన్ ముందే తీర్చినా పెనాల్టీ వేయకూడదు. తీర్చిన 30 రోజుల్లో అసలు కాగితాలు ఇవ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు చెల్లించాలి. కాగితాల గురించి 2023 డిసెంబరు 1 నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంకు రూలు ఇది. కాగితాలు చేతికి రాగానే ఊరుకోకండి, తాకట్టు విడుదల రిజిస్టర్ చేయించి, మళ్లీ ఈసీ తీసి చూసుకోండి.

అసలు టెన్షన్ టేపు పట్టుకున్న రోజు మొదలైంది. చెరి 25 అడుగులు అనుకుని సున్నం గీత గీస్తే, అది ఇంటి బయటి మెట్ల మధ్య నుంచి పోయింది. మెట్లు పగలగొట్టాలా అని అన్నయ్య గీత మీదే కూర్చుండిపోయాడు. చివరికి అన్నయ్యకు 28 అడుగులు, నాకు 22 అడుగులు, అంటే 168 గజాలు, 132 గజాలు. తేడాకు డబ్బు ఇచ్చాడు. మీ మెట్లు, సెప్టిక్ ట్యాంకు, బోరు ఎటు ఉన్నాయో ఇవాళే చూసుకోండి. ఇంటి ప్లాను మొత్తం స్థలానికి ఇచ్చింది కాబట్టి, విడగొట్టాక ఖాళీ వదలాల్సిన జాగా సరిపోతుందో లేదో మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్‌లో దస్తావేజు రాయించకముందే అడగండి.

అమ్మ, అక్కచెల్లెళ్ల ఊసు మీరు ఎత్తలేదు. హిందువులైతే, నాన్నగారి స్వార్జితమై వీలునామా లేకపోతే వాళ్లకూ సమాన వాటా ఉంటుంది. మా అమ్మా, అక్కా తమ హక్కు వదులుకుంటూ రిజిస్టర్డ్ పత్రం రాసిచ్చారు.

పాత అసలు దస్తావేజు ఒక్కటే కదా, అది ఎవరి దగ్గర? నకలుతో నాకు లోన్ ఇచ్చేది లేదని కొత్త బ్యాంకు వాళ్లు అన్నారు. అందుకని అసలు నా దగ్గర ఉండేట్టు, అన్నయ్య అడిగినప్పుడు చూపించేట్టు పంపకాల దస్తావేజులోనే రాయించాం. వదిన మాత్రం మూడు సెట్లు జిరాక్స్ తీయించి బీరువాలో పెట్టుకుంది. అసలు కాగితం మళ్లీ బ్యాంకుకే పోయింది, ఈసారి నా లోన్ కింద.