లారీ మరమ్మతుకు ఏ మాన్యువల్ కొనాలి?

ప్రశ్న: 2021లో కొత్త లారీ కొన్నాను. చిన్న మరమ్మతులు నేనే చేసుకోవాలని ఉంది. ఏ మాన్యువల్ కొనమంటారు?
– ఒక పాఠకుడు, మాధవరం, చెన్నై

జవాబు: బండితో ఇచ్చే డ్రైవరు పుస్తకం సరిపోదు, తయారీ సంస్థవారి వర్క్‌షాప్ మాన్యువల్‌నే, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు చూపి అడగండి. మీ బండి 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 (భారత్ స్టేజ్-6) పొగ కాలుష్య ప్రమాణాలది కనుక, మోడల్ పేరు ఒకటే అయినా, చౌకగా దొరికే పాత బీఎస్-4 పుస్తకం ఇంజిన్, పొగశుద్ధి విషయాల్లో మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. కొనేముందు వైరింగ్ పటాలు, బోల్టుల బిగింపు కొలతలు, వాల్వ్ క్లియరెన్స్ (ఇంజిన్ వాల్వుల దగ్గర ఉంచాల్సిన సన్నని ఖాళీ) కొలతలు ఉన్నాయో లేదో చూడండి. అవి లేని పుస్తకానికి డబ్బు పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. ఇంగ్లిష్ కష్టమైతే, బొమ్మలు స్పష్టంగా ఉన్నదే తీసుకోండి. ఒక్క మాట: వెనుక చక్రాల స్ప్రింగ్ బ్రేక్ చాంబర్‌లో బలమైన స్ప్రింగ్ అణచి ఉంటుంది, ప్రాణాపాయం, మాన్యువల్ చేతిలో ఉన్నా దాన్ని మీరు విప్పకండి.