‘ఇవాళే టోకెన్ ఇచ్చేయండి’ అంటుంటే ఏం చేయాలి?

ప్రశ్న: సొంతిల్లు కొందామని ఒక ఏజెంట్ ద్వారా చూస్తున్నాం. మనిషి మర్యాదస్తుడే, ఓపిగ్గా తిప్పుతున్నారు. ఒక ఇల్లు నచ్చింది. అప్పట్నుంచి రోజూ ఫోన్ చేసి ‘ఇవాళే టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేయండి, లేకపోతే వేరేవాళ్లు ఎగరేసుకుపోతారు’ అంటున్నారు. ఓనర్‌తో మాట్లాడతామంటే దాటేస్తున్నారు. పైగా మేం ఎంతవరకు పెట్టగలమో మావారు ముందే చెప్పేశారు. ఆయన్ని నమ్మొచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ఆయన మంచివాడా కాదా అన్నది పక్కన పెట్టి, కమీషన్ ఎవరి దగ్గర తీసుకుంటున్నారో అడగండి. మీ దగ్గరా, అమ్మేవాళ్ల దగ్గరా, ఇద్దరి దగ్గరా? ఇద్దరి దగ్గరా అయితే ఆయన మీ మనిషి కాదు, మధ్య మనిషి. మీ తరఫున గట్టిగా బేరమాడతారన్న ఆశ వదులుకోండి.

ఇక ఆ తొందర సంగతి. ఇంటి ధర 100, కమీషన్ 2 శాతం అనుకుందాం. బేరంలో ధర 95కి దిగితే మీకు 5 మిగులుతుంది, ఆయనకు తగ్గేది 0.1 మాత్రమే. అదే బేరం చెడిపోతే మాత్రం ఆయనకు రావాల్సిన 2 మొత్తం పోతుంది. కాబట్టి ధర కాస్త అటూ ఇటూ అయినా ఆయనకు పట్టింపు ఉండదు, త్వరగా తెమిలిపోతే చాలు. అమెరికాలో షికాగో ప్రాంతంలోని ఇళ్ల అమ్మకాలను స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించి 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. ఏజెంట్లు సొంత ఇళ్లు అమ్ముకునేటప్పుడు మాత్రం సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగి, 3.7 శాతం దాకా ఎక్కువ ధర రాబట్టుకున్నారట. సొంతానికైతే ఓపిక బాగానే వస్తుందన్నమాట!

ఓనర్‌ని కలవనివ్వకపోవడంలో కొంత న్యాయం లేకపోలేదు, తనని తప్పించి మీరూ మీరూ మాట్లాడేసుకుంటారని భయం. కమీషన్ ఇంత అని కాగితం మీద రాసిచ్చేయండి, ఆ భయం తీరుతుంది. ఆ తర్వాత కూడా ఓనర్‌ని చూపించకపోతే ఒక్క పైసా ఇవ్వకండి. దస్తావేజులో ఉన్న పేరు, ఎదురుగా కూర్చున్న మనిషి గుర్తింపు కార్డులో పేరు ఒకటేనా చూడాలి కదా. టోకెన్ ఓనర్ ఖాతాలోనే వేయండి, ఏజెంట్ చేతికి వద్దు. లోన్ రాకపోయినా, కాగితాల్లో చిక్కు బయటపడినా ఎన్ని రోజుల్లో డబ్బు వెనక్కి ఇస్తారో రాయించుకోండి. కాగితాలు చూసే లాయర్‌ని మీరే వెతుక్కోండి, ఏజెంట్ ‘మా లాయర్ ఉన్నారు’ అన్నా సరే. బ్యాంకు లోన్ ఇస్తానంది కాబట్టి ఇల్లు క్లియర్ అనుకోవద్దు, వాళ్లు చూసుకునేది ముందు వాళ్ల అప్పుకి భద్రత.

ఆ ఇంటికి ఇంకోసారి, ఈసారి చీకటి పడ్డాక, వీలైతే వాన కురిసిన మర్నాడు వెళ్లండి. గదంతా పాత రంగే ఉండి సీలింగ్‌లో ఒక మూల మాత్రం కొత్త సున్నం కనిపిస్తే అక్కడ చెయ్యి పెట్టి చూడండి, పైన బాత్రూమ్ ఉందేమో అడగండి. వంటింట్లో, బాత్రూమ్‌లో కుళాయిలు ఒకేసారి తిప్పితే నీళ్ల ఒత్తిడి ఎంతో తెలిసిపోతుంది. పక్కింటివాళ్లని పలకరిస్తే బ్రోషర్‌లో లేనివన్నీ వాళ్లే చెప్తారు.

బడ్జెట్ చెప్పేశారుగా, దాన్ని వెనక్కి తీసుకోలేం. ఇకమీదట ‘మా దగ్గర ఇంత ఉంది’ అనే మాట మానేసి ‘ఈ ఇంటికి ఇంతకు మించి పెట్టం’ అనండి. ఆ చుట్టుపక్కల ఈమధ్య నిజంగా అమ్ముడైన ఇళ్ల ధరలు కనుక్కుని మరీ అనండి, అడిగిన ధరలు కాదు.

ప్రశ్న: ఏజెంట్ కమీషన్ సగం ముందే అడుగుతున్నారు, ఇవ్వాలా?
– మరో పాఠకుడు

జవాబు: అవసరం లేదు. ఇల్లు మీ పేరు మీదకి మారిన రోజు ఇస్తామని ఒప్పందంలో రాయించండి, రసీదు అడగండి. కుదరదంటే వేరే ఏజెంట్‌ని చూసుకోండి.