విమానం వద్దు, రైలెక్కండి: ఉత్తర ఒంటారియోలో తొలిసారి గాలం

ప్రశ్న: టొరంటో దగ్గర ఉంటున్న నలుగురు స్నేహితులం. ఉత్తరాన జనం లేని అడవిలో ఓ వారం చేపలు పట్టాలని ఉంది. ఎవరికీ అనుభవం లేదు. మనిషికి వెయ్యి డాలర్లు దాటకుండా ఎలా ప్లాన్ చేసుకోవాలి?

వెయ్యిలో అయిపోతుంది. ముందు ఆ యూట్యూబ్ కట్టేయండి. అక్కడ ప్రతి వీడియో నీళ్ల మీద దిగే బీవర్ విమానంతోనే మొదలవుతుంది. విమానం అందంగానే ఉంటుంది, కాదనను. కానీ మారుమూల సరస్సు ఒడ్డున కేబిన్ దగ్గర దించి, వారం తర్వాత వచ్చి తీసుకెళ్లే ప్యాకేజీ మనిషికి పదిహేను వందల డాలర్లకు తక్కువలో దొరకడం గగనం. పైగా సామాను తూకం వేసి మరీ ఎక్కిస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లకు అంత ఆడంబరం దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఉత్తర ఒంటారియోలో సడ్‌బరీ నుంచి వైట్ రివర్ అనే ఊరి దాకా, కెనడా ప్రయాణికుల రైళ్ల సంస్థ వయా రైల్ వాళ్ల చిన్న రైలు ఒకటి నడుస్తుంది. బడ్ కార్లంటారు. విడిగా ఇంజనుండదు, పెట్టెలే నడుస్తాయి. దూరం 480 కిలోమీటర్ల పైచిలుకు. మంగళ, గురు, శనివారాల్లో సడ్‌బరీ నుంచి వెళ్తుంది, బుధ, శుక్ర, ఆదివారాల్లో వెనక్కొస్తుంది. ముందే చెప్పి పెట్టుకుంటే స్టేషన్ లేని చోట కూడా, ఫలానా మైలు దగ్గర అంటే అడవి మధ్యలో ఆపి దింపుతారు. కనూ, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవ కూడా ఎక్కించుకుంటారు, దానికి వేరే చార్జీ. ఈ లైను వెంబడి రోడ్డు లేని సరస్సులు బోలెడు. కొన్నిటి ఒడ్డున కేబిన్లు అద్దెకిస్తారు. విమానం డబ్బులు పెట్టకుండా విమానం వెళ్లే చోటికే చేరతారన్నమాట.

నేను మొదటిసారి ఆ రైలెక్కినప్పుడు ఎదురు సీట్లో ఒక పెద్దాయన, కాళ్ల దగ్గర ఆయన కుక్క, పక్కన రెండు అట్టపెట్టెల నిండా సరుకులు. బిస్కొటాసింగ్ దాటాక ఎక్కడో రైలు ఆగింది. కిటికీలోంచి చూస్తే ఏమీ లేదు, కంకర, స్ప్రూస్ చెట్లు, అంతే. సామాన్ల పెట్టె తలుపు తెరుచుకుంది. కండక్టర్ పైనుంచి కనూ ముక్కు కిందికి వంచితే పెద్దాయన భుజం మీద ఆనించుకున్నాడు, ఇద్దరూ మాట్లాడకుండా దించేశారు. కుక్క అప్పటికే దూకేసి నీళ్ల వైపు పరుగు. రెండు నిమిషాల్లో రైలు కదిలింది. వెనక్కి చూస్తే ఆయన అట్టపెట్టె మీద కూర్చుని తాపీగా బూట్లు మార్చుకుంటున్నాడు. మా వాడొకడు కంగారుగా అడిగాడు, "ఆయన్ని మళ్లీ ఎవరు తీసుకెళ్తారు?" ఇదే రైలు, ఇంకెవరు!

తిరుగు ప్రయాణం గురించి మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు, కాబట్టి నేను చెబుతాను. ఆ పట్టాలు సరుకు రైళ్లవి. అవి వస్తే మన రైలు పక్కకు తప్పుకుని దారివ్వాలి. అందుకే టైమ్‌టేబుల్ చూసి టెన్షన్ పడకూడదు. మేము మధ్యాహ్నం నుంచి బ్యాగుల మీద కూర్చుని ఉంటే ఎదురుగా కంటైనర్ల బండి ఒకటి, దాని వెనక ఇంకోటి, ఒక్కోటీ పోతూనే ఉంది, పోతూనే ఉంది. ఆ గాలికి టోపీలు ఎగిరిపోయాయి. ఫోన్‌కు సిగ్నల్ సున్నా. సోమవారం పొద్దున ఆఫీసు మీటింగ్ ఉన్నవాడు పట్టాల మీదుగా అటూ ఇటూ పచార్లు చేసి అలసిపోయాడు. మా రైలు లైటు కనిపించేసరికి చీకటి పడుతోంది. అందుకని తిరుగు టికెట్ శుక్రవారానికి తీసుకోండి. ఆదివారం రైలు తప్పితే మళ్లీ బుధవారమే. ఎలా చూసినా నాలుగు రోజుల తిండి అదనంగా మోయండి, బియ్యం పప్పు బరువేం కాదు. ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం ఒకటి అద్దెకు తీసుకోండి. ఇంట్లోవాళ్లు నిద్రపోతారు.

కేబిన్ వెతికేటప్పుడు 'హౌస్‌కీపింగ్ ప్లాన్' అని అడగండి. అంటే వంట మీది, పొయ్యి, గిన్నెలు, పడవ వాళ్లవి. 'అమెరికన్ ప్లాన్' అంటే భోజనాలతో కలిపి, బిల్లు ఎక్కడికో పోతుంది. ప్రభుత్వ భూమిలో, అంటే క్రౌన్ ల్యాండ్‌లో, కెనడాలో నివసించేవాళ్లు ఒక చోట 21 రోజుల వరకు ఉచితంగా గుడారం వేసుకోవచ్చు. అది ఇంకా చవక. కానీ ఎలుగుబంటికి అందకుండా తిండి చెట్టుకు వేలాడదీయడం, తడి కట్టెలతో మంట పెట్టడం, గాలం వేయడం, మూడూ ఒకే వారంలో నేర్చుకోవాలా? వచ్చే ఏడాది చూడొచ్చు. మోటారు పడవ నడిపేవాడికి ఆపరేటర్ కార్డు ఉండాలి. అద్దె పడవైతే ఇచ్చేవాళ్లు భద్రతా చెక్‌లిస్టు చదివించి సంతకం పెట్టించుకుంటే ఆ ట్రిప్‌కు చెల్లుతుంది.

ఎప్పుడు వెళ్లాలి అంటే ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో. మీరు పట్టబోయే వాల్‌ఐ అనే చేప సీజన్ ఉత్తరాన చాలా చేపల వేట జోన్లలో మే మూడో శనివారం తెరుస్తారు, జనమంతా అప్పుడే ఎగబడతారు. వాళ్ల వెంటే నల్ల ఈగలు కూడా. చెవుల వెనక, సాక్సు అంచు దగ్గర రక్తం కారేదాకా కుట్టినట్టే తెలియదు. జూన్ దాటాక దోమల వంతు. ఆగస్టు చివరికి రెండూ తగ్గుతాయి, చాలాచోట్ల కేబిన్ రేట్లు కూడా.

సామాను విషయంలో నా మాట వినండి. గాలం కర్ర ఒక్కోటి నలభై డాలర్లది చాలు. ఏడు గ్రాముల జిగ్ తలలు, అంటే బరువు గుండుతో కలిసిన కొక్కేలు ఒక డజను, వాటికి తొడిగే తెల్లవి, పసుపుపచ్చవి రబ్బరు తోకలు. పైక్ చేప పళ్లకు దారం తెగిపోకుండా కొక్కెం ముందు కట్టే స్టీలు తీగ ముక్కలు (లీడర్లు) రెండు మూడు, నోట్లోంచి కొక్కెం తీయడానికి పొడుగు ముక్కు పట్టకారు. ఇంకేం కొనొద్దు. ఎరగా వానపాములు తీసుకెళ్లండి. చిన్న చేపలు, జలగలు ఎరల కోసం ప్రభుత్వం విడిగా గీసిన ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కు తీసుకెళ్లడం 2022 నుంచి నిషేధం. వాగు సరస్సులో కలిసే చోట, పొద్దు వాలాక వేయండి. వాల్‌ఐ కంటికి మసక వెలుతురే అనుకూలం. జిగ్ అడుగు తాకగానే దారం వదులవుతుంది. మణికట్టుతో జానెడు ఎత్తి మళ్లీ దిగనివ్వాలి. దిగేటప్పుడే వేలికి చిన్నగా టిక్కుమంటుంది, అప్పుడు లాగాలి.

లైసెన్సులో కన్జర్వేషన్ రకం తీసుకోండి, స్పోర్ట్ కంటే చవక. దానికి రోజుకు వాల్‌ఐ రెండే ఉంచుకోవచ్చు, స్పోర్ట్‌కు నాలుగు. చాలా ఉత్తర జోన్లలో వాటిలో 46 సెంటీమీటర్లు దాటింది ఒక్కటి మించకూడదు. మీ జోన్ నిబంధనలు బయలుదేరే ముందు చూసుకోండి. లైసెన్సుతో పాటు అవుట్‌డోర్స్ కార్డు కూడా కావాలి, అది మూడేళ్లు చెల్లుతుంది. చాలామందికి ఎక్కని విషయం ఒకటుంది. ఆ పరిమితి రోజుకు పట్టేదానికే కాదు, మీ దగ్గర మొత్తం ఉండేదానికి కూడా. ఇంటి ఫ్రీజర్లో ఉన్నవీ లెక్కే. వారం రోజులూ రోజుకు రెండు చొప్పున దాచి తెచ్చుకుందామంటే కుదరదు. అయినా ప్రతి గుంపులో ఒకడు శవపేటికంత ఐస్ బాక్స్ మోసుకొస్తాడు, రైలెక్కించేటప్పుడు దాన్ని మిగతావాళ్లు మోయాలి. పట్టింది అక్కడే ఒడ్డున ఇనప పెనం మీద బంగాళాదుంపలతో వేయించుకుని తినండి. ఆ చేప రుచి ఇంటికి తెస్తే ఎలాగూ ఉండదు.

కేబిన్ కోసం జనవరిలోనే ఫోన్ చేయండి. ఈమెయిల్ పెట్టి ఎదురుచూస్తూ కూర్చోకండి, వాళ్లలో సగం మంది మెయిల్ చూడరు. ఫోన్ ఎత్తితే మాత్రం వదలకుండా మాట్లాడతారు. ఏ మైలు దగ్గర దిగాలో, పడవకు పెట్రోలు ధరలో కలిసిందో లేదో అప్పుడే అడిగి రాసుకోండి.