అమ్మాయి హెలికాప్టర్ నడుపుతానంటోంది... గాలి భయం ఎంత నిజం?

ప్రశ్న: మాది రాజమండ్రి. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. హెలికాప్టర్ పైలట్ అవుతానంటోంది. గాలి వెనక నుంచి వీచేటప్పుడు మలుపు తిప్పితే పడిపోతుందట కదా? విమానం కోర్సు మేలా? ఏ కోర్సైనా ఎకరం అమ్మి ఫీజు కడతాం. - ఒక తల్లి

జవాబు: అమ్మా, గాలి పేరు చెబుతున్నారు గానీ, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో వైఎస్ హెలికాప్టర్‌కు జరిగింది మన ఇళ్లలో ఎవరూ మరచిపోలేదు. మీ భయం అక్కడిదేమో. దాన్ని తప్పు పట్టను. కానీ మలుపు సంగతి మీకు సగమే చెప్పారు.

గోదావరిలో పడవ తిప్పడం చూసే ఉంటారు. ఏటికి ఎదురు వెళ్తుంటే గట్టు మెల్లగా కదులుతుంది, వాలుకు తిరగ్గానే గబగబా వెనక్కి పోతుంది. నీటిలో పడవ వేగం మాత్రం అదే. హెలికాప్టరూ అంతే. గాలిలో దాని వేగం 60 నాట్స్ (విమానాల వేగాన్ని కొలిచే లెక్క), వీచే గాలి 20 అనుకోండి. ఎదురుగాలిలో నేల మీద లెక్క 40, గాలివాలుకు తిరిగితే 80. రోటర్‌కు, అంటే పైన తిరిగే రెక్కలకు, తెలిసేది ఆ 60 మాత్రమే. తక్కువ ఎత్తులో చెట్లు పరుగెత్తడం చూసి, స్పీడెక్కువైందనుకుని పైలట్ వేగం తగ్గిస్తేనే ముప్పు. అది 20 నాట్స్ దాకా పడిపోతే, ముందుకు కదలడం వల్ల రోటర్‌కు వచ్చే అదనపు బలం పోతుంది. ఎక్కువ పవర్ కావాలి, సర్దుకోవడానికి కింద ఎత్తు ఉండదు. మెల్లగా వెళ్లేటప్పుడు పక్కగాలి, వెనకగాలి ముక్కును తిప్పేయబోతాయి, పెడల్‌తో వెంటనే ఆపాలి. అందుకే శిక్షణలో నేలను కాదు, స్పీడ్ మీటర్‌ను నమ్మమంటారు. కేదార్‌నాథ్ లాంటి లోయల్లో మాత్రం గాలి ఒక్కలా ఉండదు. అక్కడ మీ భయం నిజమే.

నా సందేహం వేరు. రీల్స్ చూసి ఈ కోర్సు మీద మోజు పెరిగింది. ఉద్యోగాలేమో కొద్దిగానే ఉన్నాయి: మీ ఊరి నుంచే సముద్రంలోని ఓఎన్‌జీసీ రిగ్గులకు వెళ్లేవి, యాత్రల సర్వీసులు, చార్టర్లు. కొత్త లైసెన్సు చేతిలో ఉన్నా అనుభవం అడుగుతారు. ఎయిర్‌లైన్స్‌లో పోస్టులు ఎక్కువే, అక్కడా ఎదురుచూపులు తప్పవు.

ఎకరం అమ్ముతామన్నారు. పైలట్ ఉద్యోగానికి తప్పనిసరైన ఆరోగ్య పరీక్ష, క్లాస్ 1 మెడికల్ చేయించారా? ఒక్క పైలట్‌తోనైనా అమ్మాయిని మాట్లాడించారా? అవేవీ లేకుండా పొలం బేరం పెట్టడం మీ తప్పమ్మా, తనది కాదు.

వాయుసేనలో ఆడపిల్లలు 1990ల నుంచే హెలికాప్టర్లు నడుపుతున్నారు. అక్కడ ఫీజు లేదు, హెలికాప్టర్ శిక్షణ సికింద్రాబాద్ దగ్గర హకీంపేటలోనే ఉంది. డిగ్రీ అయ్యాక ఆ దారీ ఉంటుంది. ముందు ఈ సెలవుల్లో మెడికల్ చేయించండి, కళ్ల పరీక్షతో మొదలుపెట్టండి.